ఉక్కుపిడి చచ్చాడా, బతికాడా?

పుస్తకాల షాపాయన ఫోన్ చేసి, "అమ్మా, ఒక్క ముక్క చెప్పండి. ఉక్కుపిడి చచ్చాడా, బతికాడా?" అని వదినగారిని అడిగాడు. షాపు తెరిచి ఎంతోసేపు కాలేదు. అప్పుడే కొందరు ఉక్కుపిడి కామిక్సు ఆఖరి సంచిక తెచ్చి బల్ల మీద పడేసి వెళ్ళారట. ఒకాయనైతే, శవం మాట్లాడే కథ కోసమా ఇన్నేళ్ళు ఎదురుచూసింది అంటూ ఇంతెత్తున లేచాడట.

"మీరే చదివి చూడండి," అంది ఆమె.

"చదివానమ్మా. చదివే అడుగుతున్నా."

ఆమె మాట మార్చి, వేడి నూనె పొయ్యి మీదుందని అబద్ధమాడి ఫోన్ పెట్టేసింది.

ఆమెను అందరూ వదినగారనే అంటారు, ప్రెస్సువాళ్ళతో సహా. ఉక్కుపిడి కామిక్సు ఇద్దరన్నదమ్ముల సరుకు. అన్న కథ రాస్తాడు, తమ్ముడు బొమ్మలు గీస్తాడు. అన్నను చేసుకుని ఆ ఇంటికొచ్చిన ఈమె చేతిరాత బాగుందని, బొమ్మల్లో మాటల బుడగలు గీసి అక్షరాలు నింపే పని అప్పజెప్పారు. నాలుగు రోజుల కోసమేనన్నారు. ఆ నాలుగు రోజులూ ఆమె జుట్టు నెరిసేదాకా సాగాయి. ఇక ఉక్కుపిడి అంటారా, పగలు లిఫ్టులు బాగుచేసుకునే మామూలు మనిషి. ఎగరలేడు, మంటలు కక్కలేడు. పైనుంచి ఏది పడినా పట్టుకుంటాడు, అంతే.

కథను ముగింపుదాకా పథకం వేసుకుంటుంటే, గొడవంతా అతని చావు దగ్గరే వచ్చింది. కూలిపోతున్న వంతెనను జనం దాటేదాకా మోసి, దాని కిందే అతను ప్రాణం వదలాలన్నాడు అన్న. తమ్ముడు ససేమిరా అన్నాడు. నా చేత్తో పెంచినవాణ్ణి నా చేత్తో చంపనన్నాడు. మాటా మాటా పెరిగింది. "బొమ్మలేసేవాడివి, కథ సంగతి నీకెందుకురా," అని అన్న నోరు జారాడు. "నా బొమ్మలే లేకపోతే నీ కథ ఎవడు ముట్టుకుంటాడు," అని తమ్ముడు అంతకు రెండింతలు జారాడు. ఆ సాయంత్రమే పెట్టె సర్దుకుని, రెండు వీధుల అవతల గది తీసుకున్నాడు. అది నిరుటి మాట.

పూర్వం తమ్ముడు గీసిన పేజీ ఎదురుగా పెట్టుకుని అన్న మాటలు రాసేవాడు. గొడవయ్యాక, వాడి బొమ్మ నా కంటబడకూడదన్నాడు. పాత పథకం ప్రకారం ఏ గడిలో ఎవరేమంటారో గుడ్డిగా రాసిచ్చేవాడు. అటునుంచి బొమ్మలు, ఇటునుంచి మాటలు ముందుగదిలోని వదినగారి బల్ల మీదే కలుసుకునేవి. బుడగ కాస్త జరిపి, ఒక మాట తగ్గించి, ఆమె ఎలాగో నెట్టుకొచ్చింది. ఈ సంచికతో ఆ పాటి రాకపోకలు కూడా ఆగిపోతాయి. ఇక ఆ ఇద్దరూ ఒకరికొకరు ఏమీ కానివాళ్ళైపోతారన్న బెంగతోనే ఆమె ఆఖరి పేజీ విప్పింది.

విప్పి చూస్తే ఏముంది! తమ్ముడు ఉక్కుపిడిని చంపేశాడు. అన్న మాటే నెగ్గనీ అని పంతం వదిలి, ఎంత ప్రేమగా చంపాడో. మూసుకున్న కళ్ళు, చుట్టూ తలలు వంచిన జనం. ఇటు భర్త ఇచ్చిన కాగితం చూస్తే, ఉక్కుపిడి దుమ్ము దులుపుకుని లేచి, "ఆకలేస్తోంది. పదండి, ఇంటికెళ్దాం," అంటున్నాడు. తమ్ముడి ముచ్చటే తీరనీ అని ఈయనా దిగొచ్చాడు. ఒకరికి తెలియకుండా ఒకరు. మగవాళ్ళు బుర్ర పెట్టి చేసే ఘనకార్యాలు ఇలాగే ఏడుస్తాయి.

"ఆఖరి పేజీ ఒక్కసారి చూసి రాయరాదూ?" అని భర్తను బతిమాలింది. చూడనన్నాడు. "అన్నయ్య ఏం రాశాడో చదువుతావా?" అని మరిదిని అడిగింది. "ఎలా ఉంటే అలా పెట్టెయ్ వదినా," అన్నాడు. ఉన్నమాట చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. కానీ తాము మెత్తబడ్డ సంగతి రెండోవాడికి తెలిసిపోయిందంటే, ఈ మొండిఘటాలు మళ్ళీ బిగుసుకుపోరని నమ్మకమేమిటి? గుమ్మంలో ప్రెస్సు మనిషి కాళ్ళు మార్చుకుంటున్నాడు. బొమ్మో మాటలో, ఏదో ఒకటి తీసెయ్యాలి. ఎవరిది తీసెయ్యడానికీ ఆమెకు చెయ్యి రాలేదు. బుడగ గీసి, దాని తోకను మూసుకున్న ఆ పెదాల దాకా లాగి, మాటలు పొందిగ్గా రాసి పంపించేసింది.

ఇప్పుడు అనుభవిస్తోంది. నేను గీసిన చావుబొమ్మను అన్నయ్య వేళాకోళం చేశాడని మరిది అనుకుంటే? నేను బతికించినవాణ్ణి తమ్ముడు కావాలని చంపాడని ఈయన అనుకుంటే? అప్పుడిక ఆ దేవుడు కూడా కలపలేడు.

భర్త బజారు నుంచి వచ్చాడు. చేతిలో సంచిక ఉంది. చెప్పులతోనే లోపలి గదిలోకి వెళ్ళి కూర్చున్నాడు. ఆఖరి పేజీ తిప్పడు, మూయడు. ఆమె వంటింట్లో కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతోంది. ఆయన తిట్టినా బాగుండేది.

వీధి తలుపు దబదబా మోగింది.

"వదినా!" మరిది సరాసరి లోపలికి వచ్చేశాడు. అతని చేతిలోనూ సంచిక. "ఏంటిది? అన్నయ్య వాణ్ణి బతికించాడని నాకు చెప్పొద్దా? కూర్చుని మళ్ళీ గీసిచ్చేవాణ్ణి కదా!"

అన్న లేచాడు. తమ్ముడి వైపు చూడలేదు, భార్య మీదే విరుచుకుపడ్డాడు. "వాడు అంత గొప్పగా గీస్తే, దాని మీద నా చెత్త అంటిస్తావా? అసలు ఆ పేజీకి మాటలెందుకు?"

"చెప్పాను. మీరు చూడనన్నారు. నువ్వు చదవనన్నావు."

"గట్టిగా చెప్పొద్దా!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది, ఏడుపొచ్చింది, వాటి వెనకే ప్రాణం కూడా లేచొచ్చింది. తప్పంతా తన నెత్తిన రుద్దినా సరే, ఇద్దరూ కలిసి రుద్దుతున్నారు.

ఆ సంబరం ఎంతోసేపు లేదు.

"ఏదేమైనా వాడు పోవాల్సిందే," అన్నాడు అన్న. "ఆ మొహం చూశాక నాకింకే అనుమానం లేదు."

"పోవడానికి వీల్లేదు. ఆకలేస్తోందన్నాడు చూడు, ఆ ఒక్క మాటకి నాకు ఏడుపొచ్చింది. వాడు ఇంటికెళ్ళాలి."

"కథ సంగతి నీకు తెలీదురా!"

"నీకు తెలిసే షాపులో మన పరువు పోయిందా?"

మళ్ళీ అదే గొడవ, అవే కేకలు. ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. మరిది సంచిక నేలకేసి కొట్టి, విసురుగా గుమ్మం వైపు నడిచాడు. ఆమె అడ్డంగా నిలబడిపోయింది.

"జరుగు వదినా."

"జరగను. చంపినా జరగను."

"నీ బల్ల మీద పెన్సిలుందేమో చూస్తానే తల్లీ. నోటితో చెప్తే ఈయనకి ఎక్కదు."

ఆమె తడబడుతూ పక్కకు జరిగింది. అతను ముందుగదిలో సొరుగులు లాగుతుంటే, వెనకనుంచి అన్న అరిచాడు.

"రెండు తేరా."