వేరే బకెట్టు

"అక్కడేదైనా జరిగితే నీకు ముందు తెలుస్తుందా, మాకు ముందు తెలుస్తుందా?" అని అడిగాను.

అమ్మాయి అద్దం ముందు జడ బిగించుకుంటోంది. పిన్ను పళ్ళ మధ్య పెట్టుకునే "ఏం కాదమ్మా" అంది. చెప్పులేసుకుంటూ మళ్ళీ అదే అంది. మెట్లు దిగుతూ ఇంకోసారి అంది.

మా అమ్మాయిది అణు విద్యుత్ కేంద్రంలో ఉద్యోగం. యంత్రాల దగ్గర కాదు, జనం దగ్గర. కేంద్రం గేటు పక్కనున్న హాల్లో కూర్చుని, వచ్చినవాళ్ళకి అక్కడ కరెంటు ఎలా పుడుతుందో, ప్రమాదం ఎంతో, జాగ్రత్తలేమిటో చెప్పాలి. అప్పుడప్పుడూ కేంద్రం వాళ్ళే కాలనీల్లోకి వచ్చి సభ పెడతారు. ఊరందరి భయాలూ తీర్చే ఉద్యోగమని మా ఆయన కనిపించిన ప్రతివాళ్ళకీ చెప్పుకుంటారు. ఆ ఊరందరిలో నేను లేనని ఆయనకి తట్టదు.

నా భయాలు నావి. గాలి అటు నుంచి వీస్తే కిటికీలు మూసేస్తాను. అమ్మాయి ఫోను ఎత్తకపోతే టీవీ పెట్టి వార్తలు చూస్తాను. దాని ఆఫీసు బట్టలు వేరే బకెట్టులో నానబెట్టి, వేరే తీగ మీద ఆరేస్తాను. ఎర్ర బకెట్టు అది. ఇంట్లో ఇంకెవరూ ముట్టుకోరు. స్నానాల గది మూల పెళ్ళికొచ్చిన పెద్దమనిషిలా కూర్చుని ఉంటుంది. అమ్మాయి దాన్ని చూసి నవ్వదు, కసరదు. కాలితో పక్కకి జరిపి వెళ్ళిపోతుంది.

మా కింది వాటాలో దర్జీ ఆవిడ ఉంటుంది. ఒక్క సభా మానదు. వెళ్ళి ఏదో ఒకటి అడుగుతుంది, తిరిగొచ్చి అంతా నాకు అప్పజెబుతుంది. మీ అమ్మాయి ఎంత ఓపిగ్గా చెప్పిందో, బోర్డు మీద బొమ్మ గీసి మరీ ఎలా చూపించిందో, చివర్లో "ఇంకేమైనా ఉందా పిన్నీ" అని ఎంత ముద్దుగా అడిగిందో. ఆ "ఇంకేమైనా ఉందా" దగ్గరికొచ్చేసరికి పొయ్యి మీదేదో ఉందని లేచి లోపలికి వెళ్ళేదాన్ని. కన్నది నేను, జ్వరమొస్తే రాత్రంతా కూర్చున్నది నేను. జవాబులు మాత్రం కింది వాటాకి.

ఆ వారం జాకెట్టు చేతులు వదులు చేయించుకుందామని ఆవిడ దగ్గరికి వెళ్ళాను. మిషను మీద నీలం కోటు పరిచి ఉంది. మా అమ్మాయిదే. మోచేతి దగ్గర సిరా మరక నేనెంత ఉతికినా పోలేదు, ఎలా మరిచిపోతాను? దాని ఛాతీ మీద చిన్న జేబు కుడుతోంది ఆవిడ. ఇదేమిటన్నాను.

"బ్యాడ్జికి అక్కా. వచ్చే నెల నుంచి చూడ్డానికొచ్చేవాళ్ళని లోపలికి తీసుకెళ్ళేది మీ అమ్మాయేగా. ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో ఆ బ్యాడ్జి పట్టి చూపిస్తుందట." దారం పళ్ళతో తెంపి నా మొహంలోకి చూసింది. "నీకు చెప్పలేదా?"

"చెప్పకుండా ఎలా ఉంటుంది" అన్నాను.

జాకెట్టు అలాగే చంకలో పెట్టుకుని మెట్లెక్కాను. కూతుర్ని లోపలికి పంపుతున్నారన్న భయం ఒక పక్క, ఆ సంగతి నాకంటే ముందు ఆవిడకి తెలిసిందన్న కుళ్ళు ఒక పక్క. రెండింటిలో కుళ్ళే బరువుగా ఉంది. ఆ సాయంత్రం అన్నం వడ్డిస్తూ, ఆఫీసులో కొత్త సంగతులేమైనా ఉన్నాయా అని అడిగి చూశాను. ఏం లేవు, ఏం కాదు అంది.

ఆదివారం మా కాలనీ హాల్లోనే సభ. నేనెప్పుడూ వెళ్ళలేదు. దాన్ని ఎవరైనా నలుగురిలో గద్దిస్తే చూడలేనని. ఈసారి వెళ్ళి, చివరి వరసలో స్తంభం చాటున కూర్చున్నాను.

అక్కడ మాట్లాడుతున్నది మా అమ్మాయేనా అనిపించింది. ఒక వ్యాను డ్రైవరు లేచి, కేంద్రం వాళ్ళ జీతం తింటూ వాళ్ళ లోపాలు చెబుతావా అని అడిగాడు. "చెప్పకపోతే మీరు నన్ను నమ్మరు. మీరు నమ్మకపోతే వాళ్ళు జీతమెందుకిస్తారు?" అంది. అతనితో సహా అందరూ నవ్వారు. ఆ వెంటనే, వాడేసిన ఇంధనాన్ని మన తర్వాతి వాళ్ళూ కాపలా కాయాల్సిందేనని, అది తేలికైన బరువు కాదని కూడా చెప్పింది.

అప్పుడు దర్జీ ఆవిడ లేచింది. అక్కడ పనిచేసేవాళ్ళ బట్టలు ఇంట్లో అందరివాటితో కలిపి ఉతకొచ్చా అని అడిగింది. అది నా ప్రశ్న. రెండో తీగ కింది నుంచి ఆవిడకి కనిపిస్తూనే ఉంటుంది.

అమ్మాయి ఒక్క క్షణం తల దించుకుంది. తర్వాత, ఆ అనుమానం ఎందుకొచ్చింది పిన్నీ అని అడిగి, ఆవిడ చెప్పిందంతా విన్నది. తను జనాన్ని తీసుకెళ్ళేది గాజు గోడ వరకేనని, అది దాటేవాళ్ళు వేసుకునే బట్టలు వేరని, అవి అక్కడే విప్పి అక్కడే ఉతుకుతారని, బయటికొచ్చేటప్పుడు ద్వారం దగ్గర ఒంటిని యంత్రం చూసి గానీ వదలదని చెప్పింది. అందరికీ చూపించడానికి తెచ్చిన బ్యాడ్జి ఒకటి ఆవిడ అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది. ఆ చెయ్యి నాది కావలసింది.

"మొత్తానికి ఏం కాదంటావు, అంతేగా" అన్నాడు డ్రైవరు.

"ఆ మాట మేమనం బాబాయ్. శిక్షణలో మాకు మొదట మాన్పించేది అదే. ఏం కాదంటే ఎదుటివాళ్ళ భయం పోదు, అడగడం పోతుంది."

ఎలా లేచానో తెలియదు, నా కుర్చీ వెనక్కి పడింది. మైకు చేతులు మారి నా దగ్గరికొచ్చింది.

"మా ఇంట్లో ఒకమ్మాయి ఉంది. నేనేది అడిగినా ఆ మాటే అంటుంది. తనని లోపలికి పంపుతున్నారని కూడా, కిందింటావిడ జేబు కుడుతుంటే నాకు తెలిసింది. ఇంట్లోవాళ్ళు జనం కిందికి రారా అమ్మా?"

ఒకరిద్దరు నవ్వబోయి, నేనెవరో గుర్తుపట్టి ఆపేశారు. దర్జీ ఆవిడ వెనక్కి తిరిగి చూసి తల వంచుకుంది. అమ్మాయి పక్కనున్న అధికారి దాని చేతిలో మైకు కోసం చెయ్యి చాచాడు, అది ఇవ్వలేదు. దాని ఉద్యోగం ఊడగొట్టాను, ఇక ఇల్లు వదిలిపోతుంది, నాతో మాట్లాడదు అని నా మనసు ఎక్కడికెక్కడికో పోయింది. కూర్చుందామంటే కుర్చీ లేదు.

అమ్మాయి మైకు బల్ల మీద పెట్టి, వరసల మధ్య నుంచి నడిచి వచ్చింది. నా చేతిలో మైకు ముందు వరసకి అందించి, పడిన కుర్చీ ఎత్తి నన్ను కూర్చోబెట్టి, పక్క కుర్చీలో తనూ కూర్చుంది.

"వాళ్ళు భయపడితే నాకు జవాబు తడుతుందమ్మా" అంది. మైకు లేదు గనక నాకొక్కదానికే వినిపించింది. "నువ్వు భయపడితే నాకూ భయమేస్తుంది. అందుకే ఆ మాట అనేసి మెట్లు దిగిపోతాను. ఇప్పుడెక్కడికీ పోను. ఆ ఎర్ర బకెట్టు దగ్గర్నుంచి అడుగు."