శ్రుతి దించిన గిటార్

కట్టె పచ్చిది. మంట అంటుకున్నట్టే అంటుకుని పొగలోకి జారిపోతోంది. జగదీష్ బాయిలర్ ముందు గొంతుక్కూర్చుని ఇనుప గొట్టంతో ఊదుతున్నాడు. లాడ్జి వెనక రేకుల షెడ్డు అది. బయట మంచు. నాలుగడుగుల అవతలి సిల్వర్ ఓక్ చెట్టు కూడా కనబడడం లేదు. దానికి పాకిన మిరియాల తీగ మీంచి నీటిబొట్లు రాలుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

పైన గదుల్లో టూరిస్టులు లేచారు. గీజర్లు ఉన్నాయి గానీ చలికాలంలో అన్నీ ఒక్కసారే వేస్తే కరెంటు చాలదు. జగదీష్‌కి ఇంకా ఈ ఉద్యోగం ఉన్నది అందుకే. బకెట్లు నింపి, మెట్లెక్కి, తలుపు తట్టి "వేన్నీల్లు" అని పక్కకు తప్పుకోవడం. సగం మంది తలుపు సందులోంచి చెయ్యి మాత్రమే చాచి బకెట్టు లాక్కుంటారు. ఇవాళ ఒక పెద్దావిడ గడప దాటి వచ్చి, బకెట్టు అడుగున రెండో చెయ్యి వేసి పట్టుకుంది. చాలా రోజుల తర్వాత ఒకరు అలా చేశారు.

ఎడమచేతి వేళ్ళు మండుతున్నాయి. కొసలన్నీ బొబ్బలెక్కి, చితికి, మళ్ళీ ఎక్కాయి. బకెట్టు కమ్మీ తగిలినప్పుడల్లా మోచేతి దాకా జివ్వుమంటోంది.

"ఏటి జగదీసూ, సెయ్యి కాల్సుకున్నావేటి?" అన్నాడు మేనేజరు, కుర్చీలోంచి లేవకుండానే.

"నేదు సార్. గిటారు."

"ఈ వయసులోనా! అక్కడ మా ఆవిడ యోగా నేర్సుకుంటంది, ఇక్కడ నువ్వు గిటారు. నానొక్కడినే పాడైపోతన్నాను."

జగదీష్ నవ్వాడు. నవ్వు పూర్తయ్యాక చెప్పాడు. "మద్దేన్నం నానుండను సార్. వరహాలన్నని వైజాగ్ తీసికెల్తన్నారు."

మేనేజరు మొహంలో వేళాకోళం పోయింది. "రేపేనా ఆపరేసను?"

"రేపే. గొంతుక తీసెత్తారంట."

శృంగవరపుకోట దగ్గర పల్లెలో ఎకరన్నర పొలం ఉన్న ఇంట్లో పుట్టాడు జగదీష్. ఇంటర్ తప్పాక, వరహాలరావు ఆర్కెస్ట్రాలో బేస్ గిటార్ వాయించేవాడు పెళ్ళి చేసుకుని మానేస్తే, ఆ జాగా ఇతనికి దొరికింది. అప్పటికి బేస్ గిటార్ అంటే ఏమిటో కూడా సరిగ్గా తెలియదు. "తీగలు నాలుగే. నీకు సాలు" అన్నాడు వరహాలరావు. జాతరల్లో, పెళ్ళిపందిళ్ళలో, వినాయకుడి మండపాల దగ్గర అతని వెనక నిలబడి, పాట ఎక్కడ అడుగు వేస్తే అక్కడ ఒక తీగ మీటేవాడు. అంతకు మించి రాలేదు. జనం వరహాలరావుని చూసేవారు, డ్రమ్ముల వాణ్ణి చూసేవారు. జగదీష్‌ని ఎవరూ చూసేవారు కాదు. తను ఆపేస్తే మాత్రం పాట కింద నేల లేనట్టు అయ్యేది. ఆ సంగతి వరహాలరావుకి తెలుసు. అది చాలేది.

వరహాలరావు గొంతుకి ఒక తిరకాసు ఉండేది. హార్మోనియం మెట్టుకీ మెట్టుకీ మధ్య సందులో ఉండేది అది. అందుకని వాళ్ళ జట్టులో పద్ధతే వేరు. కచేరీకి ముందు వరహాలరావు తెర వెనక నిలబడి "మ్‌" అని గొంతు ఇచ్చేవాడు. జగదీష్ తీగను మీటి, దాన్ని బిగించే బిరడా కొంచెం కొంచెంగా వదులు చేసేవాడు. తీగకీ గొంతుకీ మధ్య ఒక వణుకు ఉండేది. అది నెమ్మదించి, నెమ్మదించి, ఆగిపోయేది. రెండూ ఒకటే అయ్యేవి. తక్కిన వాళ్ళు జగదీష్ తీగను చూసి శ్రుతి చేసుకునేవారు. పాటంతటిలోకీ జగదీష్‌కి ఇష్టమైంది ఆ వణుకు ఆగే క్షణమే.

తర్వాత కీబోర్డు వచ్చింది. వాయించేవాడి ఎడమచెయ్యే బేస్ కూడా వాయించేసేది. ఆ పెట్టె ఎవరి గొంతు కోసమూ దిగేది కాదు. ముందు జగదీష్ పని పోయింది, ఆ తర్వాత వరహాలరావు పాట. వరహాలరావు కొండెక్కి అరకులో బట్టల కొట్టు పెట్టుకున్నాడు. జగదీష్‌కి ఈ లాడ్జిలో పని ఇప్పించాడు. ఒకే ఊళ్ళో ఇన్నేళ్ళుగా ఉన్నారు. రోజూ కలిసి టీ తాగేవారు. పాట గురించి మాత్రం మాట్లాడుకునేవారు కాదు.

పోయిన వానాకాలంలో వరహాలరావు గొంతు బొంగురుపోయింది. ఎన్ని కషాయాలు తాగినా తిరిగి రాలేదు. పరీక్షలయ్యాక ఒకరోజు టీ కొట్టు దగ్గర, గ్లాసులోకి చూస్తూ, "ఒరే జగ్గూ, తీసే ముందు ఒక్కపాలి పాడాలని ఉందిరా" అన్నాడు.

ఆ రాత్రే జగదీష్ షెడ్డు పక్కనే ఉన్న తన గదిలో అటక మీంచి గిటార్ దించాడు. చనిపోవడానికి ముందు సంవత్సరం అతని భార్య కనక దాన్ని పాత చీరలో చుట్టి పైన పెట్టింది. ఎలకలు కొట్టలేదు గానీ షెడ్డు వేడికీ కొండ చెమ్మకీ దాని మెడ వంగిపోయింది. తీగ కర్రకి అరంగుళం పైన నిలిచి, ఎంత నొక్కినా ఆనేది కాదు, ఆనితే గరగరలాడేది. వేళ్ళు పాత చోట్లు మరిచిపోయాయి. ఫోన్‌లో పాఠాలు చూశాడు. పాఠం చెప్పే కుర్రాడి శ్రుతి ఒకటి, తన చెవిలో ఉన్న శ్రుతి ఒకటి. నెలల తరబడి పోరాడినా ఒక పాట చివరిదాకా రాలేదు. మంచి గిటార్ ఉంటే వచ్చేదనుకున్నాడు.

పొద్దెక్కాక జగదీష్ ప్రేమ్‌కుమార్ కోసం వెళ్ళాడు. లోయ అవతల రిసార్టులో చలిమంటల దగ్గర పాటలు వాయించే కుర్రాడు అతను. స్టేజీ అరుగు మీద సంచులు సర్దుకుని కూర్చుని ఉన్నాడు.

"డీజే పెట్టేశారు అంకుల్. ఒక లాప్‌టాప్, రెండు బాక్సులు. ఇంక మేమెందుకు? వైజాగ్‌లో డెలివరీ పని చూసుకున్నా" అని, సంచి జిప్పు తీసి తన బేస్ గిటార్ అందించాడు. జగదీష్ జీతం వచ్చినప్పుడల్లా కొంచెం కొంచెంగా కట్టిన డబ్బు ముందే ముట్టింది. రిసార్టులో పని ఉన్నంతకాలం తను వాయించుకుని, పోయేటప్పుడు ఇస్తానన్నాడు ప్రేమ్‌కుమార్. అన్నట్టే ఇచ్చాడు.

ముదురు గోధుమరంగు చెక్క. బొటనవేలు ఆనే చోట మెరుగు పోయి మెత్తగా ఉంది. మెడ సన్నగా అరచేతిలో ఇమిడింది. తీగకీ కర్రకీ మధ్య కాగితం దూరేంత సందు. జగదీష్ ఒక తీగ మీటాడు. బాక్సు లేకపోయినా ఆ మోత పక్కటెముకల్లోకి వచ్చింది. బొబ్బ నొప్పి పెట్టలేదు. ఇంకో చోట నొక్కాడు, మరో చోట నొక్కాడు. ఎక్కడా గరగర లేదు.

"అంత గట్టిగా నొక్కకండి అంకుల్. అదేం పారిపోదు."

"పాతదానికి అలవాటైపోనాది బాబూ. ఎద్దు ముక్కుతాడు అట్టుకున్నట్టు అట్టుకోవాల దాన్ని."

ప్రేమ్‌కుమార్ ఫోన్ పక్కన పెట్టి నాలుగు తీగలూ శ్రుతి చేశాడు. తెర మీద ముల్లు మధ్యకి వచ్చి పచ్చగా వెలిగింది. జగదీష్ గిటార్ తీసుకుని బిరడా కొంచెం వెనక్కి తిప్పాడు. ముల్లు పక్కకి ఒరిగి ఎర్రబడింది.

"తప్పిపోయింది అంకుల్."

"అక్కడే బాబూ. మా వరహాలన్న గొంతు అక్కడే ఉంటాది."

"మనిషిని బట్టి గిటారా!"

"మరి? గిటార్ని బట్టి మనిసేటి?"

ప్రేమ్‌కుమార్ నవ్వేసి, తన సంచి కూడా ఊరికే ఇచ్చేశాడు. "బయటంతా మంచు. చెక్కకి మంచిది కాదు" అన్నాడు.

వలిసె పూల చేల పక్కనుంచి జగదీష్ నడిచి వచ్చాడు. పసుపుపచ్చటి పూల మధ్య నిలబడి జనం ఫోటోలు తీసుకుంటున్నారు. అతని వీపు మీద సంచి చూసి ఒకమ్మాయి, "అంకుల్, ఒక పాట!" అని కేకేసింది. అతను సిగ్గుపడి బేగిబేగి నడిచాడు.

కొట్టు షట్టర్ సగం దించి ఉంది. లోపల వరహాలరావు భార్య రత్నాలు ఆసుపత్రి సంచిలో దుప్పట్లు కుక్కుతోంది. వరహాలరావు బల్ల వెనక మఫ్లర్ చుట్టుకుని కూర్చున్నాడు. పెద్ద మనిషి, ఇప్పుడు చొక్కాలో పోసిన గుప్పెడు ఎముకల్లా ఉన్నాడు. కళ్ళు మాత్రం సంచి మీద ఉన్నాయి.

"తెచ్చీసేవా" అన్నాడు. ఎండుటాకు సిమెంటు మీద గీసుకున్నట్టుంది ఆ మాట.

"కారు వొచ్చీ వేలకి పాటలేటయ్యా?" అంది రత్నాలు. "మా తమ్ముడు అయిదు నిమసాల్లో ఉంటానన్నాడు."

"నీ తమ్ముడి అయిదు నిమసాలు నాకు తెల్దేటి. రెండు పాటలు అయిపోతాయి" అన్నాడు వరహాలరావు.

జగదీష్ గిటార్ తలను టేకు బల్లకి ఆనించాడు. చెక్కకి ఆనిస్తే చెక్కంతా మోగుతుందని ఈ నెలల సాధనలో కనిపెట్టుకున్నాడు. తీగ మీటాడు. చీరల దొంతర కింద నుంచి మోత వచ్చింది. "గొంతియ్యి అన్నా" అన్నాడు.

వరహాలరావు కళ్ళు మూసుకున్నాడు. "మ్‌" అన్నాడు. వచ్చింది గాలి. మళ్ళీ అన్నాడు. ఈసారి గాలిలో ఏదో జీర వినిపించింది, కానీ వేరే చోట. జగదీష్ తీగ దించాడు. వణుకు ఆగలేదు. ఇంకా దించాడు. గొంతు ఒక్కచోట నిలబడడం లేదు. ఒకసారి ఉన్నచోట రెండోసారి లేదు. దాని వెంట పడి దించుతూ పోయాడు. దించగా దించగా తీగ వదులైపోయి కర్రకి కొట్టుకుంది. అచ్చం పాత గిటార్ లాగే గరగరలాడింది.

ఇన్నాళ్ళూ లోపం గిటార్‌దే అనుకున్నాడు జగదీష్. మంచిది చేతికొస్తే ఆ గొంతు మళ్ళీ దొరుకుతుందనుకున్నాడు. అతని చెయ్యి బిరడా మీదే ఆగిపోయింది.

వరహాలరావు కళ్ళు తెరిచాడు. అతనికి ముందే తెలిసినట్టుంది. "ఎక్కించీరా" అన్నాడు. "పాత సోటుకి."

"అక్కడ నువ్వు నేవు కదన్నా."

"నాను నేకపోతే ఏటి? నువ్వుండు."

జగదీష్ తీగ బిగించాడు. ఎవరూ గొంతు ఇవ్వకుండానే ఆ చోటు దొరికింది. వాళ్ళు ప్రతి కచేరీలోనూ మొదట పాడే నెమ్మది పాట మొదలుపెట్టాడు. జనం కూర్చుని సర్దుకునేదాకా పాడే పాట అది. వరహాలరావు అరచెయ్యి బల్ల మీద పరిచాడు. పెదాలు కదులుతున్నాయి. పల్లవి తిరిగే చోట జగదీష్ వేలు తప్పింది. వరహాలరావు స్టేజీ మీద చేసినట్టే కనుబొమ ఎత్తి, ఆగి, అతను అందుకునేదాకా వేచి ఉండి మళ్ళీ పెదాలు కదిపాడు. చరణంలోకి వెళ్ళారు. బల్ల మోగుతోంది. పాట ఎక్కడా వినబడడం లేదు.

రత్నాలు సంచి జిప్పు వేసి కాసేపు విన్నది. "ఏటిదీ! ముక్కల్లేవు, పులుసొక్కటీ మరుగుతన్నట్టుంది" అంది.

వరహాలరావు భుజాలు కదిలేలా నవ్వాడు. నవ్వు దగ్గయింది. దగ్గు తగ్గడానికి చాలాసేపు పట్టింది. రత్నాలు వీపు నిమురుతూ జగదీష్ వైపు చూడలేదు. అంతలో బయట హారన్ మోగింది. రెండో చరణం ఉండిపోయింది.

కారు ఎక్కేముందు వరహాలరావు గిటార్ చెక్కని వేలి కణుపుతో ఒకసారి కొట్టి చూశాడు, మంచి కుండని కొట్టి చూసినట్టు. "బాగుందిరా" అన్నాడు. "మిగిల్నది వొచ్చేక." ఇద్దరూ ఆ మాట నమ్మినట్టే తల ఊపారు. రత్నాలు తమ్ముడు లక్ష్మీప్రసాద్ కారు తిప్పాడు. వెనక అద్దంలోంచి మఫ్లర్ కొస కొంతదూరం కనబడింది.

సాయంత్రం స్నానాలకి జగదీష్ మళ్ళీ బాయిలర్ రాజేశాడు. పొద్దుటి కట్టె కొంచెం ఆరింది, మంట తొందరగానే పట్టింది. గిటార్ సంచి వేడి తగలకుండా మూలన, దూరంగా నిలబెట్టాడు. అప్పుడు ఫోన్ మోగింది.

"జగ్గన్నా." లక్ష్మీప్రసాద్ గొంతు. "ఘాట్ రోడ్డులో టైడా దాటేక దగ్గొచ్చింది. రకతం ఆగనేదు. కొండ దిగి కోట ఆసుపత్రికి తెచ్చేసరికే... అయిపోనాదన్నారు." వెనకాల ఎవరో ఏడుస్తున్నారు. "అటునించటే ఊరు తీసికెలిపోతన్నాం. నువ్వు పొద్దున్న బస్సుకి వొచ్చీ. కొట్టు తాలం ఎయ్యనేదంట, అక్క సెప్పమంది."

"ఏత్తాను" అన్నాడు జగదీష్.

పైనుంచి ఎవరో వేణ్ణీళ్ళకి కేకేశారు. రెండు బకెట్లు నింపి తీసుకెళ్ళాడు. తలుపు సందులోంచి ఒక చెయ్యి వచ్చి ఒకదాన్ని లాక్కుంది. రెండోదాన్ని గడప దగ్గర పెట్టి, మెట్లు దిగి, బజారుకి నడిచాడు.

షట్టర్ అలాగే సగం దించి ఉంది. కిందనుంచి వంగి లోపలికి వెళ్ళి దీపం వేశాడు. దుప్పట్లు తీసిన చోట అరలు ఖాళీగా ఉన్నాయి. కుర్చీ వెనక్కి జరిగి ఉంది. వరహాలరావు చెయ్యి పరిచిన వైపు, బల్ల మీద, న్యూస్‌పేపరు ముక్క ఒకటి విప్పి ఉంది. అందులో, పాటకి ముందు వరహాలరావు తప్పకుండా బుగ్గన పెట్టుకునే పటికబెల్లం ముక్క. ఎప్పుడు తీసి సిద్ధంగా పెట్టుకున్నాడో జగదీష్ చూడనే లేదు.

కాగితం మీద ఆ ముక్క దీపం వెలుగులో తెల్లగా, అంచులు అరగకుండా ఉంది. చీమలు ఇంకా దాన్ని కనిపెట్టలేదు.