ఎర్రబడని బంగారం

మూడోసారీ నీలమే వచ్చింది. "నా ఖర్మ!" అంటూ పరిశోధకురాలు గాజుకుప్పెను బల్లమీద పెట్టి తలపట్టుకుంది. ల్యాబులో అందరూ వెనకాల ఆవిడను చిటపటమ్మ అంటారు. ఈ వారం ఎదురుగానే అన్నా ఆశ్చర్యపోనక్కర్లేదు.

చెప్పుకోవడానికి పని చిన్నదే. బంగారం కరిగిన నీళ్లను మరిగించి మందు కలిపితే, కంటికి ఆనని బంగారు రేణువులు పుట్టి నీళ్లు దానిమ్మరసంలా ఎర్రబడాలి. ఆ ఎరుపే పరీక్ష పుల్లమీద గీతగా తేలి, జ్వరం ఏ రకందో పావుగంటలో చెబుతుంది. రేణువులు ఒకదానికొకటి అంటుకున్నాయా, నీలం తిరిగి అంతా బూడిదలో పోసిన పన్నీరే. బయట కొనే రేణువుల ధర ఆకాశంలో ఉంది. ఇక్కడే చేసుకుంటే ఒక్కో పుల్ల ఒక టీ ఖరీదుకే వస్తుందని రెండేళ్లుగా పోరుతోంది ఆవిడ. సాయంత్రం నాలుగింటికి ఈ పనికి డబ్బిచ్చే పెద్దాయన వస్తాడు. ఎరుపు చూపిస్తే సరే, లేదంటే ఈ పని మూలపడ్డట్టే. మిగిలిన బంగారం ఒక్క కుప్పెకే సరిపోతుంది.

నీళ్లను తిట్టింది. మందు అమ్మినవాణ్ణి తిట్టింది. పొయ్యిని కూడా వదల్లేదు. చివరికి, ఎవరినీ నమ్మేది లేదు, ఆఖరి కుప్పె తానే కడుక్కుంటానని తొట్టి దగ్గరకు వెళ్లింది. అక్కడ కుప్పెలు కడిగే పిన్ని గుప్పెడు ఉప్పు పోసి బరబరా తోముతోంది.

"అయ్యో పిన్నీ! ఉప్పా? ఉప్పు నలుసు తగిలితే చాలు, నా రేణువులన్నీ ముద్దకట్టేస్తాయి! ఎవరు చెప్పారు నీకీ వైద్యం?"

"మీరేగా అమ్మా! పోయిన వారం మరక కనిపించిందని ల్యాబు అదిరేలా అరిచారు. ఉప్పుతో తోమితే మెరుస్తాయి కదా అని ఇంటినుంచి తెచ్చా. ఆరేళ్లుగా కడుగుతున్నా, వీటిలో ఏం చేస్తారో ఒక్కరైనా చెప్పారా నాకు?"

 కోపం ఎవరిమీద చూపాలో తెలియక, చిటపటమ్మ ఉప్పు తగలని కొత్త కుప్పె తీసి శుద్ధమైన నీళ్లతో పదిసార్లు కడిగింది. పిన్నిని పక్కన నిలబెట్టుకుని, చేసే ప్రతి పనీ చెబుతూ చేసింది. మందు పడగానే నీళ్లు నల్లబడ్డాయి.  మెల్లగా ఎర్రబడ్డాయి.

"అబ్బ!" అంది పిన్ని. "దీనికోసమా ఆ అరుపులన్నీ!"

నాలుగింటికి పెద్దాయన కుప్పెను వెలుతురుకు పెట్టి చూశాడు. "బాగుంది, పని సాగనివ్వండి. మరి ముందు మూడూ ఎందుకు చెడ్డాయి? తప్పెవరిది?"

పిన్ని చేతులు తుడుచుకోవడం ఆపేసింది.

"నాదేనండి," అంది చిటపటమ్మ. "చెప్పాల్సిన చోట అరిచాను."