కాయిసా పొయ్యి

శనివారం పొద్దున్నే ఇర్యా, ఆమె తమ్ముడు తౌనో గాలి సిలిండర్లను పడవలోకి ఎక్కించారు. సుపీరియర్ సరస్సులో ఊరివాళ్లే ముంచిన కాయిసా అనే పడవ దగ్గరికి వారం వారం దిగడం వాళ్లకు అలవాటు. అది టగ్గు, అంటే లాగుడు పడవ. దుంగల తెప్పలు లాగి లాగి ముసలిదై, ఇప్పుడు సరస్సు అడుగున నిటారుగా కూర్చుంది. దాని వంటగదిలో ఇనప పొయ్యి నీళ్లలోనూ మండుతూనే ఉంటుంది. దిగినవాళ్లు చేతులు కాచుకుని పైకి వస్తారు. కట్టుబాటు ఒక్కటే: నిలబడి కాచుకోవాలి, బల్ల మీద కూర్చోకూడదు.

ఊరివాడే అయిన ఏరో ఒకసారి కూర్చున్నాడు. ఇప్పటికీ అక్కడే ఉన్నాడు, ముఖాన చిరునవ్వుతో. ఎందరు లాగినా లేవలేదు.

"పోయినసారి పొయ్యి దగ్గర చాలాసేపు నిలబడ్డావు," అంది ఇర్యా.

"చలక్కా."

"చలైతే పైకి రావాలి. ఇంటి దగ్గర ఆవిరిగది వేడి చేసి పెట్టలేదూ?"

"లెంపి పోయాక ఆ ఇంట్లో ఏదీ వెచ్చగా లేదు."

"పెళ్లాం పోయినవాడివి నువ్వొక్కడివే కాదు. ఆవిరిగది వద్దు, నా కాఫీ వద్దు, మీ బావ కబుర్లు వద్దు!"

"బావ కబుర్లు వింటే ఏరో కూడా లేచి పారిపోతాడు."

ఇర్యా నవ్వలేదు.

తాడు పట్టుకుని దిగారు. తౌనో ముందు వెళ్లాడు. ఆమె వంటగదిలోకి వచ్చేసరికి తౌనో బల్ల మీద, ఏరో పక్కన కూర్చుని ఉన్నాడు.

ఆమె బొటనవేలు పైకెత్తింది: పైకి పద. అతను వేళ్లతో సున్నా చుట్టాడు: బాగున్నాను. అద్దం వెనక అతని కళ్లలో ఏరో నవ్వే ఉంది. అతని సిలిండర్‌లో గాలి ఎంతుందో చూపే ముల్లు ఎరుపు దగ్గరికి దిగుతోంది. భుజాలు పట్టి లాగింది. పాతిన గుంజలా కదల్లేదు. ఆమె గాలి కూడా వెనుదిరగాల్సిన గీత దాటింది. ఇన్నేళ్లలో ఆమె ఎన్నడూ దాటని గీత అది.

ఆ మంటను నీళ్లు ఆర్పలేవు. ఇర్యా పొగగొట్టాన్ని బిగించి మంట ఆర్పే మూత పిడి పట్టుకుంది. ఒక్కడి కోసం ఊరందరి వెచ్చదనం ఆర్పడం న్యాయమా అని అడిగేవాళ్లు ఉంటారు. వాళ్ల తమ్ముడు ఆ బల్ల మీద లేడు.

తిప్పింది.

మంట ఆరింది. ఏరో చిరునవ్వూ ఆరింది. తౌనో ఒక్కసారి వణికి, లేచి, బొటనవేలు పైకెత్తాడు.

పడవలో అతని పళ్లు టకటకలాడాయి. "చలక్కా... చలి!"

"వెయ్యనీ. బతికున్నవాడికి వేస్తుంది."

కాయిసా పొయ్యి మళ్లీ రాజుకోలేదు. ఇర్యా ఇంట్లో కూడా ఆ రోజు నుంచి ఏ పొయ్యీ అంటుకోలేదు. ఎండిన కట్టె కూడా నల్లబడి ఊరుకునేది. ఊరి మంట ఆర్పిన చేతికి నిప్పు అంటదని తెలిసి ఊళ్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు.

ఇప్పుడు రోజూ పొద్దున్నే తౌనో తన పొయ్యి మీద కాఫీ కాచి, కూజాకు తువ్వాలు చుట్టి, గట్టు ఎక్కి అక్క ఇంటికి తెస్తాడు. ఆమె దాన్ని నిలబడే తాగుతుంది.