అన్నిటికంటే గట్టి అత్తరు

నేను ఒక అత్తరు సీసాను. బొటనవేలంత ఉంటాను. నా మూత కూడా గాజుదే. దాని అడుగు నుంచి సన్నటి గాజు పుల్ల ఒకటి నా లోపలికి దిగి ఉంటుంది. ఆ పుల్లకు అంటినంత అత్తరు ఒక మనిషికి ఒక రోజంతా చాలునని నన్ను చేసినవాళ్ళ నమ్మకం. మనుషులకు చాలు అనిపించడం అంత సులువు కాదని వాళ్ళకు తెలియదు.

ఫిరోజాబాదు కొలిమిలో పుట్టాను. నన్ను ఊదినవాడి ముఖం గుర్తులేదు గాని, గాలి నింపుకొని ఎర్రబడిన బుగ్గలు గుర్తున్నాయి. ఎండుగడ్డిలో చుట్టి, చెక్కపెట్టెలో సర్ది, రైలెక్కించారు. పెట్టె మూత తీసేసరికి కడపలో ఉన్నాను. దర్గాకు పోయే సందులో మక్బూల్ బాషా అత్తరు దుకాణం అది. అప్పటికి అతనికి ముప్పై దాటి ఒకటో రెండో. తండ్రి పోయాక దుకాణం చేతికొచ్చి ఏడాదైంది. కొనేవాళ్ళకూ కొననివాళ్ళకూ ఒకే ఓపికతో వాసనల సంగతి చెప్పేవాడు.

"కొలోను వాకిట్లో పలకరించి పోతాది. సెంటు లోపలికొచ్చి కూచుని, పూట సేపు మాట్లాడి పోతాది. అత్తరు అట్ల కాదప్పా. మంచమేసుకొని పండుకుంటాది. మర్నాడు లేపినా లేవదు. నీకు ఎట్లాంటి చుట్టం కావల్నో చూసుకో."

ఒక మధ్యాహ్నం ఇరవై ఎనిమిదేళ్ళ మనిషి ఒకడు మెట్టు కిందే నిలబడి అడిగాడు.

"అన్నిటికంటే గట్టిది ఏదుంటే అది ఇయ్యి భాయ్."

అతని పేరు ఓబులేసు. పెద్దాసుపత్రి మార్చురీలో ఆ రోజే పనిలో చేరాడు. పొద్దున మొదటి శవం దగ్గర నిలబడి వచ్చాడు. రెండుసార్లు స్నానం చేశాడు. వాసన ఒంటిమీదే ఉందనిపించి ఇంటికి పోలేక నేరుగా ఇక్కడికి వచ్చాడు. ఇంట్లో రామసుబ్బమ్మ ఉంది. పెళ్ళయి మూడు నెలలే.

మక్బూల్ నన్ను తీసి షమామా నింపాడు. చందన తైలంలో లవంగం, జాజికాయ, ఇంకా ఏవేవో దినుసులు దించి చేసే అత్తరు అది. చలికాలంలో పెద్దవాళ్ళు చెవి వెనక చుక్క పెట్టుకుంటే గదంతా వెచ్చబడినట్టుంటుంది. ఓబులేసు మొదటి రోజే పుల్లతో మూడుసార్లు రాసుకున్నాడు.

అప్పటి నుంచి అతని చొక్కా జేబే నా ఇల్లు. పని చేసేటప్పుడు చొక్కా విప్పి కిటికీ పక్క మేకుకు తగిలించేవాడు. అక్కడి నుంచి అంతా కనపడేది. మార్చురీ పనివాళ్ళ గురించి ఊళ్ళో ఏవేవో అనుకుంటారు. ఓబులేసు మాత్రం శవాన్ని జరపాల్సి వస్తే "కొంచెం ఇట్ల తిరుగు నాయనా" అని అడిగి జరిపేవాడు. కుట్లు వేస్తే రవికె కుట్టినంత సన్నగా వేసేవాడు.

ఒకసారి బావిలో పడి చనిపోయిన కాలేజీ పిల్ల ఒకతె వచ్చింది. అన్నీ అయ్యాక ఆ పిల్ల తడి జుట్టు తుడిచి, చిక్కు తీసి, జడ అల్లాడు. అతనికి అల్లడం రాదు. మూడుసార్లు విప్పి మళ్ళీ అల్లాడు. బయట తల్లి బిడ్డను చూసుకొని ఏడ్చి ఏడ్చి, ఉన్నట్టుండి జడ పట్టుకొని అడిగింది.

"ఎవరేసినారు ఈ జడ?"

ఎవరో ఓబులేసును చూపించారు. ఆమె చేతులెత్తి దండం పెట్టింది. పెడుతూనే రెండడుగులు వెనక్కి వేసింది. ఓబులేసు ఆ రెండడుగులు చూశాడు. ఆ సాయంత్రం పుల్ల పక్కన పెట్టి నన్ను అరచేతిలోకి వంపుకున్నాడు.

ఏళ్ళు గడిచాయి. నేను ఖాళీ కావడం, మక్బూల్ నింపడం. మొదట్లో తులం అత్తరు నాలుగు నెలలు వచ్చేది. తర్వాత రెండు నెలలు. తర్వాత ఇరవై రోజులు. శవాలు చెడకుండా వాడే ఫార్మలిన్ ఘాటు పీల్చి పీల్చి అతని ముక్కు మొద్దుబారింది. తనకు తెలియని వాసనను, తనకు తెలియని ఇంకో వాసనతో కప్పుకుంటూ పోయాడు. టీ అంగట్లో అతను బెంచీ మీద కూర్చుంటే పక్కనున్నవాళ్ళకు ఏదో పని గుర్తొచ్చేది. పెళ్ళిళ్ళలో అతని పక్క విస్తరి ఖాళీగా ఉండేది. కొన్నాళ్ళకు ఆఖరి బంతిలో, ఆఖరి విస్తరి ముందు తానే పోయి కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు. మరికొన్నాళ్ళకు పెళ్ళిళ్ళకే పోవడం మానేశాడు.

ముప్పై రెండేళ్ళ తర్వాత రిటైరయ్యాడు. పని పోయింది గాని అత్తరు పోలేదు. నేనూ పోలేదు.

మరో ఆరేళ్ళకు జరిగింది చెబుతాను. కూతురు రేణుక రెండు వీధుల అవతల కాపురముంటుంది. ఒక ఆదివారం నాలుగేళ్ళ కూతురు జాహ్నవిని తీసుకొని వచ్చింది. ఓబులేసు ముందురోజే కమలాపండ్లు తెచ్చి పెట్టాడు. ఒక పండు ఒలిచి, తొనల మీద పీచు కూడా తీసి, మనవరాలిని దగ్గరికి పిలిచాడు. పిల్ల రెండడుగులు వచ్చి ముక్కు మూసుకుంది.

"నాకొద్దు. తాత కాడ ముక్కు మండుతాది."

రేణుక పిల్ల వీపు మీద ఒకటి వేసింది. "ఏం మాటలే అవి" అంది. ఓబులేసు తొనలు పళ్ళెంలో పెట్టి పెరట్లోకి పోయాడు. సబ్బుతో మోచేతుల దాకా రుద్దుకున్నాడు. రుద్దుతూనే ఉన్నాడు. రామసుబ్బమ్మ వచ్చి "నీళ్ళు అయిపోతాండాయి, చాల్లే" అనేదాకా ఆపలేదు. లోపలికొచ్చి నాలో మిగిలినదంతా మెడ మీద పోసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే మక్బూల్ దుకాణం ముందు ఉన్నాడు.

"భాయ్, దీనికంటే గట్టిది ఏమన్నా ఉందా?"

మక్బూల్‌కూ డెబ్బై వచ్చాయి. కళ్ళద్దాలు పైకి జరిపి చూశాడు.

"దీనికంటే గట్టిది నా దుకాణంలో లేదు. ఎందుకు?"

"ఇంకా పోలేదు."

"ఏమి పోలేదు?"

"శవాల వాసన. పని మానేసి ఆరేండ్లాయ. పసిబిడ్డకు గూడా తెలిసిపోతాంది."

"నీకు తెలుస్తాందా?"

"నాకేం తెలుస్తాది? నా ముక్కు చచ్చిపోయి చానా కాలమాయ. ఈ అత్తరు గూడా నాకు తెలీదు."

మక్బూల్ నన్ను బల్ల మీద నుంచి తీసి తన వెనక అరలో పెట్టుకున్నాడు.

"మూడు దినాలు ఏమీ పూసుకోవద్దు. సబ్బుతో నీళ్ళు పోసుకో. ఉతికిన చొక్కా తొడుక్కో. నాలుగోనాడు పొద్దున ఈడికి రా."

"ఏమీ లేకుండా నలుగుర్లోకి ఎట్ల వచ్చేది భాయ్?"

"నా మాట విను. ఒక్క మాటు."

నాలుగోనాడు ఓబులేసు మెడకు తువ్వాలు బిగించి చుట్టుకొని వచ్చాడు. పనిలో చేరిన రోజు కూడా అంత భయం లేదు అతని ముఖంలో. మక్బూల్ లోపలికి పిలిచి, గిరాకీలు కూర్చునే బెంచీ మీద కూర్చోబెట్టాడు. ఓబులేసు బెంచీ అంచుకు ఒదిగిపోయాడు.

కాసేపటికి ఒక టీచరమ్మ వచ్చింది. వేరే ఊరి నుంచి బదిలీ మీద వచ్చినామె. తండ్రికి డెబ్బై నిండుతున్నాయి, మంచి సెంటు ఏదైనా ఇమ్మంది. బెంచీ మీద ఓబులేసు పక్కనే కూర్చుంది. మక్బూల్ రెండు అట్టముక్కల మీద రెండు వాసనలు అద్ది ఇచ్చాడు. ఆమె వాసన చూసి, రెండూ ఓబులేసు వైపు చాపింది.

"పెద్దాయనా, మా నాయన మీ ఈడోడే. ఈ రెండిట్లో ఏది బాగుంటాది?"

ఓబులేసు వాటిని ముక్కు దగ్గర పెట్టుకొని, ఏ వాసనా తెలియక మక్బూల్ వైపు చూశాడు. మక్బూల్ అందుకున్నాడు.

"వయసొచ్చినోళ్ళకు ఇచ్చేటప్పుడు కొంచెం చూసుకోవల్లమ్మా. వాళ్ళ చర్మం ఎండిపోయి ఉంటాది. కొలోను మరీ పల్చన, గంటకే ఆరిపోతాది. ఆరిపోయిందని మళ్ళా మళ్ళా కొట్టుకుంటారు. అత్తరు మరీ చిక్కన. వాళ్ళ ముక్కుకు చాలకుండా కనపడతాది, చుట్టూ ఉన్నోళ్ళకు తల తిరుగుతాది. నడిమి రకం సెంటు తీస్కో. పూసుకునే ముందర ఒక చుక్క కొబ్బరినూనె రాయి. ఎండిన మన్ను మీద నీళ్ళు నిలవవు గదా, చర్మమూ అంతే. ఒక్క మాటు కొట్టుకొని ఇంట్లో ఎవరినన్నా అడగమను. మన ముక్కు మనకు నిజం చెప్పదు."

ఆమె నడిమి రకమే తీసుకొని, ఓబులేసుకు నమస్కారం చెప్పి వెళ్ళింది.

"ఎంతసేపు కూచునింది నీ పక్కన?" అన్నాడు మక్బూల్.

"ఆమెకు నేనెవరో తెలీదు."

"తెలీదు. తెలీకపోతే నీ మీద ఏ వాసనా లేదు. ఊర్లోవాళ్ళకు వచ్చేది శవాల వాసన గాదు ఓబులేసూ. షమామా. ఆ వాసన వస్తే మార్చురీ మనిషి వస్తాండాడని ఊరంతా నేర్చుకునింది. నీ ముందర టముకు కొట్టింది నా అత్తరే. పసిబిడ్డకు శవాల సంగతేమి తెలుసు? ముక్కు మండింది, మండిందని చెప్పింది."

ఓబులేసు మెడ మీది తువ్వాలు మెల్లగా విప్పాడు.

"నీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"పదేండ్లుంటాది."

"చెప్పలేదే."

"అమ్ముకునేటోన్ని. ఇంకోటి గూడా ఉండాది, దాచను. ఇన్నేండ్లలో ఒక్కనాడన్నా సీసా నీ చేతికిచ్చినానా? బల్ల మీద పెడ్తిని. నీ చెయ్యి తగులుతాదని."

అది నిజం. ప్రతిసారీ నా అడుగు ఆ చెక్కబల్లకే తగిలింది. అది దుకాణం పద్ధతి అనుకున్నాను గాని, భయం అనుకోలేదు. ఓబులేసు కూడా అనుకోలేదేమో. లేచి నిలబడ్డాడు. మక్బూల్ అతని చెయ్యి పట్టుకోబోయాడు. ఓబులేసు చెయ్యి వెనక్కి తీసుకొని, మెట్టు దిగి పోయాడు.

ఎనిమిది రోజులు రాలేదు. మక్బూల్ ఆ ఎనిమిది రోజులూ గిరాకీలకు తప్పు సీసాలు తీసి ఇచ్చాడు. మధ్యలో నన్ను స్పిరిట్‌తో కడిగాడు, వేడినీళ్ళతో కడిగాడు, ఎండలో పెట్టాడు. నాలోని షమామా వదల్లేదు. అంతకాలం నిండిన వాసన మనిషిని మూడు రోజుల్లో వదిలింది గాని, గాజును వదల్లేదు.

తొమ్మిదో రోజు ఓబులేసు వచ్చాడు. అతని వేలు పట్టుకొని జాహ్నవి ఉంది.

"ఈ పాప ముక్కును అడిగి ఇయ్యి" అన్నాడు. ముఖం ఇంకా బిగుసుకునే ఉంది.

మక్బూల్ పిల్లను బల్ల మీద కూర్చోబెట్టి ఒక్కొక్క అట్టముక్కా అందించాడు. గులాబి వద్దంది. మల్లె అమ్మమ్మది అంది. ఒక దానికి తుమ్మింది. వట్టివేరు సెంటు చూపిస్తే రెండుసార్లు పీల్చింది.

"ఇది కుండలో నీళ్ళ మాదిరి ఉంది."

"మండుతాందా?" అన్నాడు ఓబులేసు.

"మండటంలేదు."

మక్బూల్ లేచి బల్ల ఇవతలికి వచ్చాడు. ఓబులేసు మణికట్టు పట్టుకొని ఒక చుక్క కొబ్బరినూనె రాశాడు. దాని మీద వట్టివేరు ఒక్కసారి కొట్టాడు. రాసిన తర్వాత కూడా ఆ చెయ్యి వదల్లేదు.

"తప్పయింది ఓబులేసూ."

ఓబులేసు చెయ్యి లాక్కోలేదు. "పిల్ల దిగుతానంటాంది, పట్టుకో" అన్నాడు చివరికి.

ఆ సెంటుకు వేరే సీసా ఉంది. నాతో పని లేదు. పై అరలో, చిట్లిన మూతల డబ్బా పక్కన పెట్టాడు నన్ను మక్బూల్. పాత ఇనుప సామాన్ల బండికి పోతాననే అనుకున్నాను.

రెండు నెలల తర్వాత రామసుబ్బమ్మ వచ్చింది. అంతకుముందు ఎప్పుడూ ఆ దుకాణం ఎక్కినామె కాదు. కొంగు చుట్టుకొని కాసేపు నిలబడింది.

"అన్నా, మా ఇంటాయన పాత సీసా ఉందా?"

"ఉంది. అదెందుకమ్మా, దానికి వాసన పోలేదు."

"అందుకే అడుగుతాండా." ఆమె నవ్వబోయి ఆగింది. "నలభై ఏండ్లు ఆ వాసనకు నాకు తలనొప్పన్నా. తలకు గుడ్డ కట్టుకొని వంట చేసేదాన్ని. అడిగితే ఎండకు అని చెప్పేదాన్ని. ఆయన మనసు తెలుసు గదా, ఎట్ల చెప్పేది? మొన్ననే ఆయనకు చెప్తిని. ఇప్పుడు తలనొప్పి లేదు. అయితే మనిషి ఇంట్లోకి వచ్చేది తెలియటంలేదు. వీధి మలుపులో ఉండంగానే తెలిసేది, కూరకు తిరగమోత పెట్టేదాన్ని. ఇప్పుడు వెనకాల వచ్చి నిలబడతాడు, ఉలిక్కిపడతాండా."

మక్బూల్ నన్ను తుడిచి ఇచ్చాడు.

ఇప్పుడు నేను రామసుబ్బమ్మ ట్రంకుపెట్టెలో, పెళ్ళి చీర మడతల మధ్య ఉంటున్నాను. ఓబులేసు పొద్దుపోయేదాకా టీ అంగట్లో కూర్చొని వస్తున్నాడు. అందరూ ఒక్కసారిగా మారలేదు. ఒకరిద్దరు ఇప్పటికీ పక్క నుంచి లేచి వెళ్ళిపోతారట. మిగతావాళ్ళతో పేపరు పంచుకుంటాడట. ఆ సమయంలో ఆమె అప్పుడప్పుడు పెట్టె తీసి, చీర ముఖానికి ఆనించుకొని, మళ్ళీ మడత పెడుతుంది.

మొన్న పెట్టె తెరిచి ఉండగానే ఓబులేసు వచ్చాడు. నన్ను చూసి ఆగిపోయాడు. వంగి తీసుకొని, మూత లాగి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అతనికి ఏమీ తెలియలేదని నాకు తెలుసు.

"ఇదెందుకు తెచ్చినావు?"

"నాకు కావల్లని తెచ్చుకున్నా."

"తలనొప్పి అంటివి గదా."

"తలనొప్పే" అంది రామసుబ్బమ్మ.

ఓబులేసు కాసేపు నన్ను అరచేతిలో పెట్టుకొని నిలబడ్డాడు. తర్వాత మూత బిగించి, పగలకుండా పాత గుడ్డపేలికలో చుట్టి, ఆమె చీర మడతలో తానే దాచాడు. ఆమె పక్కన నేల మీద కూర్చొని, అది పెళ్ళినాటి చీరేనా అని అడిగాడు.