గాలిని కోసే చక్రాలు

సైకిలుకి కొత్త చక్రాలు వేయించినప్పటి నుంచి ఆర్థర్ ఆదివారం గంట కొట్టకముందే చర్చికి తయారైపోతున్నాడు. భార్య మేబెల్‌కి అనుమానం పుట్టింది అక్కడే.

బంద్‌లు జరిగిన ఏడాది ఖాళీ రోడ్లు చూసి అలవాటు చేసుకున్న సైకిలు అది. ఆదివారం తెల్లారకముందే చిలకలగూడ నుంచి కాప్రా చెరువు దాకా తొక్కి రావడం, తడి తలతో రెండో కీర్తనకి బెంచీలో దూరడం, మేబెల్ గుడ్లురమడం మామూలే. ఇప్పుడేమో ఆమె చీర కుచ్చిళ్లు సర్దుకునేసరికే టై కట్టుకుని గుమ్మంలో నిలబడుతున్నాడు.

"రిమ్ములు ఎంత లోతున్నయో చూడు మేబెల్. గాలిని కోసుకుంట పోతయ్. టైమ్ మస్తు మిగుల్తది," అన్నాడు.

మేబెల్ లెక్కల టీచరు. గాలిని కోస్తే కోశాయి, సఫిల్‌గూడ రైల్వే గేటుని కూడా కోస్తాయా? దారి పొడవునా స్పీడ్‌బ్రేకర్లు, గేదెలు, నీళ్ల ట్యాంకర్లు. సగానికి సగం టైమ్ ఎట్లా మిగులుతుంది? ఆమెకి ఒళ్లు మండింది.

కాప్రా నుంచి వాళ్ల చర్చికే వచ్చే కాంతమణి ఆ మంటలో ఇంత ఆజ్యం పోసింది. "అక్కా, అన్న చెరువు దిక్కు కనపడ్తనే లేడేంది? ఇంతకుముందు మా గేటు కాడ నీళ్లు తాగి పోతుండె."

ఓహో, ఇప్పుడు ఇంకెవరి గేటు దగ్గరో తాగుతున్నాడన్నమాట! ఆ వారమంతా మేబెల్‌కి అన్నం సహించలేదు.

మరుసటి ఆదివారం ఆర్థర్ వీధి మలుపు తిరగగానే ఆమె ఆటో ఎక్కింది. ఆ చక్రాలు ఏ గుమ్మం ముందు కనపడితే ఆ గుమ్మంలోనే కడిగెయ్యాలని మాటలన్నీ సిద్ధం చేసుకుంది.

రైల్వే గేటు దాటగానే కనిపించాడు. మూసి ఉన్న దుకాణం అరుగు మీద ఒక్కడే కూర్చున్నాడు. సైకిలు గోడకి ఆనించి ఉంది. చలికాలమైనా చొక్కా చెమటతో తడిసిపోయింది. చెయ్యి ఛాతీ మీద ఉంది.

సిద్ధం చేసుకున్న మాటలు ఎటు పోయాయో ఏమో. "ఎన్ని రోజుల సంది ఇట్లున్నదండీ?" అంది ఆటో దిగి ఆయన పక్కన కూర్చుంటూ.

ఆర్థర్ తల ఎత్తలేదు. "చక్రాలు కొనకముందు నుంచే. చెరువు దిక్కు తొక్కేటోళ్లందరికన్న ఎనకపడ్తుండె. సైకిల్‌లనే ఏదో ఉన్నదనుకున్న. కొత్తయి ఏసినా సగం దూరమే పోగల్గుతున్న."

మేబెల్‌కి ఏడుపూ కోపమూ కలిసొచ్చాయి. ఆయన్ని ఆటోలో కూర్చోబెట్టి, "దవాఖానకు పోనియ్ బాబూ, జల్దీ," అంది.

"చక్రాలు... ఎవరన్న ఎత్తుకపోతరు మేబెల్."

"పోనీయండి."

ఆటో వెనక్కి తిరిగేసరికి గేటు పడింది. గూడ్సు బండి తాపీగా కదులుతోంది, ఎంతకీ తోక కనపడదు. ఆయన చెయ్యి రెండు చేతులా గట్టిగా పట్టుకుని, ఒక్క నిమిషం మిగిల్చు ప్రభువా అని మేబెల్ వేడుకుంది.