ఎడమ చేతుల ఇంగ్లీషు

ఇంగ్లీషు వ్యాకరణం మొత్తాన్ని పదకొండు రోజుల్లో, అదీ కుట్టుమిషను ముందు స్టూలు దిగకుండా, నమిలి మింగేసిన మనిషి ఈ భూమ్మీద ఒక్కతే ఉంది. చొక్కాల ఫ్యాక్టరీలో ఆవిణ్ణి అందరూ చేతులమ్మ అంటారు. పద్నాలుగేళ్లుగా చొక్కాలకు ఎడమ చేతులు కుడుతోంది కాబట్టి ఆ పేరు. పూర్తయిన చొక్కా ఎలా ఉంటుందో తీరిగ్గా చూసే భాగ్యం మాత్రం ఆవిడకు ఎన్నడూ దక్కలేదు.

లైను సూపర్‌వైజరు ఉద్యోగం ఖాళీ అయింది. సూపర్‌వైజరంటే కాలరు దగ్గర్నుంచి అట్టపెట్టె దాకా లైనంతా కాళ్లతో నడిచే మనిషి. వచ్చే గురువారం కాక ఆపై గురువారం, సరుకు కొనే కంపెనీ తరఫున తనిఖీకి ఒకావిడ వస్తుందనీ, ఆవిడతో ఇంగ్లీషులో మాట్లాడగలిగిన వాళ్లదే ఆ ఉద్యోగమనీ మేనేజరు చెప్పాడు. చేతులమ్మకు ఆ పూట అన్నం సహించలేదు. ఈసారి లేవకపోతే స్టూలుతో పాటే తననూ పాతసామాన్లలో పడేస్తారని ఆవిడ గుబులు.

తోటికోడలు ఒకటో తరగతి పిల్లలకు పాఠాలు చెబుతుంది. ఆ సాయంత్రమే ఉల్లిపాయలు తరుగుతూ మొదలెట్టింది. "ఐ" పక్కన "యామ్" అంది, ఒక్కరే ఉంటే "ఈజ్", గుంపైతే "ఆర్" అంది.

"మరి 'యు' అంటే ఒక్క మనిషే గదే. దానికి ఆర్ ఎందుకు?"

"అదంతేనక్కా. నిన్నొక్కదాన్నే పదిమంది కింద లెక్కేశారు, సంతోషించు."

మన మాటలో పనిని చెప్పే పదం చివర్న వస్తుంది, వాళ్ల మాటలో నడుమన కూర్చుంటుంది అనేసరికి చేతులమ్మ చప్పున పట్టేసింది. మనం గుండీలు ఆఖర్న కుడతాం, వాళ్లు చొక్కా సగంలోనే కుట్టేస్తారన్నమాట. "ది" మాత్రం కొరుకుడు పడలేదు. అది కాలరు లోపల పెట్టే గట్టిగుడ్డ లాంటిదనీ, పైకి కనపడదు గానీ లేకపోతే కాలరు నిలబడదనీ తోటికోడలు సర్దిచెప్పింది.

ఫ్యాక్టరీలోకి పుస్తకాలు, ఫోన్లు రానివ్వరు. దొరికే కాగితమల్లా కట్టచీటీ. కత్తిరించిన ముక్కల్ని ఇరవయ్యేసి కట్ట కట్టి, సైజు రాసిన చీటీ తగిలిస్తారు. ఆ చీటీ కట్టతో పాటు లైను చివరిదాకా పోతుంది. వెనకవైపు ఖాళీ. చేతులమ్మ అక్కడ "దిస్ ఈజ్ ఎ స్లీవ్" అని రాసింది. పక్క మిషను మీద చేతుల్ని ఒంటికి అతికించే మనిషి, అందరికీ అతుకులక్క, ఎనిమిదో తరగతిలో ఆపేసిన చదువును దుమ్ము దులిపి "యెస్. దిస్ ఈజ్ ఎ గుడ్ స్లీవ్" అని కింద రాసి వెనక్కి పంపింది.

మూడో రోజుకు లైనంతా అంటుకుంది. మిషన్ల మోతలో మాట ఎలాగూ వినపడదు. కాలరు ఆవిడ "ఐ యామ్ ఎ కాలర్" అని రాసింది. గుండీల ఆవిడ ఏకంగా "వేర్ ఈజ్ లంచ్?" అని అడిగేసింది. ఎవరి చీటీ వచ్చినా చేతులమ్మ తప్పులు దిద్ది, కింద "గుడ్" అని రాసి, టిక్కు కొట్టి పంపేది. అంత కులాసాగా ఆ లైను ఎన్నడూ నడవలేదు.

మొత్తం వ్యాకరణం మింగిందని మొదట్లో అన్నాను గదా, అంత లేదు లెండి. పదకొండు రోజుల్లో ఆవిడ దాటినవి యామ్, ఈజ్, ఆర్ అనే మూడు గడపలే. జరిగిపోయిన కాలం, జరగబోయే కాలం ఇంకా వీధిలోనే నిలబడి ఉన్నాయి.

గురువారం తనిఖీ ఆవిడ రానే వచ్చింది. "హౌ ఆర్ యు?" అంటే చేతులమ్మ తడుముకోకుండా "వి ఆర్ ఫైన్" అంది. మేనేజరు కళ్లెగరేశాడు. ఉద్యోగం సగం ఒళ్లో పడ్డట్టే. తనిఖీ ఆవిడ పెట్టెల్లోంచి నాలుగు చొక్కాలు తీసి చూసి, బాగున్నాయని తలూపింది. పెట్టెలకు టేపు వేయడం మొదలైంది.

అప్పుడు చూసింది చేతులమ్మ, బల్ల మీద నిండుగా పరిచిన చొక్కాని. ఒళ్లు దొడ్డు, ఎడమ చెయ్యి పొట్టి. బుధవారం అతుకులక్క పంపిన చీటీ, దాని కింద తను కొట్టిన టిక్కు గుర్తొచ్చాయి. పక్కనున్న అతుకులక్క వైపు వంగింది.

"అక్కా, స్లీవ్ చిన్నదని నిన్న రాశావు చూడు, అది పాఠమా, నిజమా?"

"నిజమే. నువ్వు వెరీ గుడ్ అన్నావని లాగి కుట్టేశా."

"ఎన్ని?"

"మూడు కట్టలు."

అరవై చొక్కాలు. చీటీలు అటూ ఇటూ తిరగడంలో కట్టలు తారుమారై, నలభై సైజు ఒంటికి ముప్ఫయ్యెనిమిది సైజు ఎడమ చేతులు. నోరు మూసుకుంటే ఉద్యోగం తనది. నోరు తెరిస్తే తప్పు తనది. మూడో పెట్టె మీద టేపు చరచరా లాగుతున్నారు.

"స్టాప్," అంది చేతులమ్మ. ఫ్యాక్టరీ అంతా ఆవిడ వైపు తిరిగింది. "దిస్ స్లీవ్ ఈజ్ స్మాల్. దిస్ షర్ట్ ఈజ్ బిగ్." తప్పు చేశానని చెప్పాలంటే జరిగిపోయిన కాలం కావాలి. అది ఇంకా లోపలికి రాలేదు. ఉన్నదాంతోనే కానిచ్చింది. "ఐ యామ్ ది మిస్టేక్."

తనిఖీ ఆవిడ కొలత టేపుతో కొలిచింది. అర అంగుళం తక్కువ. చీటీ తెప్పించుకుని రెండువైపులా చదివింది. "వెరీ గుడ్" దగ్గర ఆగి, పెదవి కొరుక్కుని, ఆపుకోలేక నవ్వేసింది. తర్వాత మేనేజరుతో చాలాసేపు మాట్లాడింది. ఆ మాటల్ని మేనేజరే అందరికీ తెలుగులో అప్పజెప్పాల్సి వచ్చింది: పెట్టె వెళ్లాక బయటపడితే ఆర్డరు రద్దయ్యేదట, ఇకమీదట సరుకు చూపించడానికి ఈవిడే రావాలట.

సాయంత్రం దాకా లైనంతా కూర్చుని కుట్లు విప్పారు. చేతులమ్మ కూర్చోలేదు. కాలరు నుంచి పెట్టె దాకా, పెట్టె నుంచి కాలరు దాకా, చీటీ చీటీకీ సైజు సరిచూస్తూ నడిచింది. నడకా అది, పరుగు. ఆ హడావుడిలో మేనేజరు టీ ఒలకబోసుకుంటే, మార్చుకోమని ఆ అరవైలోంచే ఒక చొక్కా ఇచ్చారు. పాపం రోజంతా ఎడమ చెయ్యి కిందికి లాక్కుంటూనే ఉన్నాడు.

టీ ఒలికిందన్నది మాత్రం నా కల్పన. ఆయన అసలు టీ తాగడు. మిగతాదంతా జరిగిందే. కావాలంటే "వెరీ గుడ్" అని రాసిన ఆ చీటీ చేతులమ్మ దగ్గరుంది, వెళ్లి అడగండి. ఇంగ్లీషులో అడగాలి సుమా.